లాప్‌టాపు పలక యేల మొరాయించును?

ఒడిలో పెట్టుకొని పనిచేయదగిన కంప్యూటరునకు లాప్‌టాపు అని పేరు. దాని మీటల వరుసల క్రింద అరచేయి పట్టునంత నున్నని పలక యొకటి అమర్చబడి యుండును. వ్రేలితో దానిపై రాచినచో తెరమీది బాణపుగుర్తు కదలును. దీనిని టచ్‌ప్యాడు అందురు. ఈ వ్యాసమునందు పలక యనియే వ్యవహరింతుము. పలక పూర్తిగా చెడిపోయినచో పెద్ద చిక్కు లేదు, క్రొత్తది వేయింతుము. ఒకప్పుడు చక్కగా పనిచేసి, మఱియొకప్పుడు ఉలుకుపలుకు లేక నిలిచిపోయి, బాగుచేయువాని యెదుట పెట్టగానే బుద్ధిమంతురాలివలె నడచు పలకయే మనుష్యుని విసిగించునది. లినక్సు నడచుచున్న లాప్‌టాపులందు ఈ జబ్బు ఎట్లు పుట్టును, దాని మూలమును ఇంటియందే ఎట్లు కనిపెట్టవచ్చును అను విషయములను ఇందు వ్రాయుచున్నాము. పాత యంత్రమును కొని, ఉచితముగా దొరకు లినక్సును వేసికొని చదువుకొను విద్యార్థులు మన పాఠశాలలోను ఉన్నారు గదా.

ముందుగా ఒక మాట. దరఖాస్తు పంపుటకు గడువు ముగియుచుండగా పలక నిలిచినవారు ఈ వ్యాసమును తుదివఱకు చదువ నక్కఱలేదు. పలక లేకయే పని ముగింపవచ్చును. ట్యాబు మీట నొక్కినకొలది దరఖాస్తులోని ఒక గడినుండి మఱియొక గడికి పోవచ్చును. షిఫ్టుతో కలిపి నొక్కినచో వెనుకకు వత్తురు. గుర్తుపెట్టవలసిన గడులయందు స్పేసు మీటయు, పంపుమను బొత్తాముమీద ఎంటరు మీటయు, పట్టికలనుండి ఏఱుకొనుటకు బాణపు మీటలును పనికివచ్చును. పొరుగింటివారి మౌసు దొరకినచో యు.ఎస్.బి. రంధ్రమున దూర్చినంతనే అది పనిచేయును. లినక్సునకు వేఱుగ ఏమియు నేర్పనక్కఱలేదు. విసుగుచెంది పవరు మీటను పట్టి నొక్కిపెట్టుట మాత్రము కూడదు. అంతవఱకు నింపినదంతయు పోవును.

ఇక విషయమునకు వత్తము. పలక అద్దమువలె నున్నగా కానవచ్చినను, దాని క్రింద నిలువుగను అడ్డముగను రాగిగీతలు వలవలె పఱచియుండును. ఆ గీతల నడుమ స్వల్పమైన విద్యుత్‌క్షేత్రము నిలుపబడును. మన దేహము విద్యుద్వాహకము. వ్రేలు దగ్గఱకు రాగానే ఆ క్షేత్రములో కొంతభాగమును అది లాగికొనును. ఆ మార్పు ఒక పికోఫారడునకు, అనగా ఫారడులో లక్షకోట్ల వంతునకు, లోబడినదే. అంత చిన్న మార్పును సెకనునకు ఎనుబది మొదలు నూటికి పైగా పర్యాయములు కొలిచి, వ్రేలెచ్చట నున్నదో లెక్కకట్టు చిప్పు ఒకటి పలకకు అడుగున నుండును. ఇట్టి పలకలకు పేరుపొందిన సినాప్టిక్స్ అను సంస్థను 1986లో ఫెడెరికో ఫాగిన్, కార్వర్ మీడ్ అనువారు స్థాపించిరి. ఈ ఫాగిన్ 1971లో వెలువడిన ఇంటెల్ 4004 అను తొలి మైక్రోప్రాసెసరును రూపొందించినవారిలో ముఖ్యుడు. 1994లో ఆపిల్ వారి పవర్‌బుక్ 500 తరగతి యంత్రములలో ఇట్టి పలక వచ్చిన తరువాత, అంతకు ముందు లాప్‌టాపులలో నుండిన దొర్లుబంతి మెల్లమెల్లగా మఱుగుపడినది.

చిప్పు కట్టిన లెక్క తెరకు చేరుటకు టపావలె చేతులు మాఱవలెను. పాత యంత్రములలో అది పి.యస్./2 అను మార్గమున పోవును. ఇది 1987లో ఐ.బి.యం. వారు మీటలకును మౌసునకును ఏర్పఱచిన దారి. 2012లో విండోసు 8 వచ్చిన పిమ్మట తయారైన యంత్రములలో పెక్కింట ఐ-స్క్వేర్డ్-సి అను రెండు తీగల మార్గము వాడబడుచున్నది; దీనిని 1982లో ఫిలిప్స్ వారు కల్పించిరి. ఒక తీగమీద సమాచారము, రెండవదానిమీద తాళము వేయు గడియారపు చప్పుడు. ఈ రెండును గాక మూడవ తీగ యొకటి కలదు. అది గుమ్మమునకు కట్టిన గంటవంటిది. చిప్పు చెప్పవలసిన దున్నప్పుడు ఆ గంట మ్రోగించును. గంట విని లినక్సు కెర్నలు వచ్చి వార్తను చదువుకొనును. కెర్నలునుండి అది లిబ్‌ఇన్‌పుట్ అను పరికరమునకును, అచ్చటినుండి తెరను నడపు కార్యక్రమమునకును చేరి, తుదకు బాణము కదలును. ఇందు ఏ చేయి జాఱవిడిచినను మనకు కనబడునది ఒక్కటే: బాణము నిలిచినది. కావున చికిత్స యనగా ఉత్తరము ఎచ్చట ఆగినదో కనుగొనుటయే.

1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థియైన లైనస్ టార్వాల్డ్స్ లినక్సు కెర్నలును లోకమునకు వెల్లడించెను. ఎవ్వరైనను దాని మూలమును చదువవచ్చును, దిద్దవచ్చును. మన తెలుగువారిలో హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు లినక్సును తెలుగుపలుకులతో అందించుటకు పాటుపడిరి. అయితే పలకలు తయారుచేయు కర్మాగారములన్నియు తమ చిప్పుల గుట్టును లినక్సువారికి విప్పిచెప్పలేదు. పలక నడుపు డ్రైవర్లలో కొన్నిటిని ఆయా సంస్థలవారే వ్రాసిరి. కొన్నిటిని ఔత్సాహికులు చిప్పు ప్రవర్తనను గమనించి ఊహతో వ్రాసిరి. ఊహ తప్పినచోట పలక నిలుచును. ఇది లినక్సు లోపమనువారు కలరు. గుట్టు చెప్పనివారి లోపమని మా యభిప్రాయము.

పలక నిలిచిన తోడనే మొదట చూడవలసినది, నిలిచినది పలకయా, యంత్రమంతయునా యని. మీటలు పనిచేయుచున్నవా? మౌసు తగిలించినచో బాణము కదలుచున్నదా? మౌసునకును కదలనిచో పలకను నిందించి ప్రయోజనము లేదు. కంట్రోలు, ఆల్టు, ఎఫ్3 మీటలను ఒక్కమారు నొక్కినచో నల్లని అక్షరపు తెర వచ్చునేని కెర్నలు బ్రదికియున్నదనియు, బొమ్మల తెరయే చిక్కుకొన్నదనియు గ్రహింపవలెను. నాలుగు గిగాబైట్ల జ్ఞాపకశక్తి మాత్రమే గల పాత లాప్‌టాపులలో బ్రౌజరునందు ఇరువది పుటలు ఒక్కసారి తెఱచినచో యంత్రము డిస్కుమీదికి సామాను మోయుటలో మునిగిపోయి, బాణము నిమిషముల తరబడి కదలకుండును. దానికి మందు పుటలు మూయుటయే.

మౌసుతో కదలి పలకతో కదలనిచో రెండవ పరీక్ష. కొన్ని యంత్రములలో పై వరుస మీటలలో నొకదానిపై పలక బొమ్మ యుండును; తెలియక దానిని నొక్కినచో పలక ఆగిపోవును. కొన్నింట పలక మూలను రెండుమారులు తట్టినను అంతే. ఇంకొకటి. అక్షరములు కొట్టునప్పుడు అరచేయి తగిలి బాణము పరుగెత్తకుండుటకై లిబ్‌ఇన్‌పుట్ పలకను అర సెకనునకు మించని కాలము నిద్రపుచ్చును. త్వరగా వ్రాయువారికి ఇదియే జబ్బుగా తోచును. దుమ్ముచేతనో, ఒలికిన తేనీటిచేతనో మీట యొకటి పైకి లేవక నొక్కబడియే యున్నచో ఆ నిద్ర తెమలదు. అమరికలలో "టైపు చేయునపుడు పలక నిలుపుము" అను అర్థము వచ్చు గడిని తీసివేసి చూచినచో నిజము తేలును.

మూడవది చార్జరు. దీనిని గుఱించి కొంచెము విస్తరించి వ్రాయవలసియున్నది. ఏలయన సముద్రతీరమున ఉన్న మన ఊళ్లకు ఇది మిక్కిలి దగ్గఱి విషయము. చార్జరునందు రొదను అణచుటకు చిన్న కెపాసిటర్లు గలవు. మూడు ముళ్ల ప్లగ్గులోని లావుపాటి ముల్లు ఎర్తునకు చేరినచో వానిగుండ కాఱు స్వల్పమైన కరెంటు భూమిలోనికి పోవును. గోడలోని సాకెట్టునకు ఎర్తుతీగ లేనిచో 230 వోల్టులలో సగము, అనగా ఇంచుమించు 115 వోల్టుల దగ్గఱ యంత్రపు లోహభాగము తేలియుండును. ప్రవాహము అత్యల్పము గనుక ప్రాణభయము లేదుగాని, చేయి ఆనించినచో చిమచిమలాడును. పికోఫారడు లెక్కలు కట్టు చిప్పునకు ఆ కదలిక తుపానువంటిది. వ్రేలేదో రొద యేదో దానికి తెలియక బాణము గంతులు వేయును, లేదా నిలిచిపోవును. పరీక్ష సులభము: పలక మొండికెత్తినపుడు చార్జరును ఊడదీయుడు. తక్షణమే కుదుటపడినచో దోషము గోడలోనిదే. పాత ఇండ్లలో ఎర్తుగుంటలోని ఉప్పును బొగ్గును వేసవిలో ఎండిపోయి పనిచేయకుండుట కలదు. ఆ గుంటకు నీరు పోయించి, తెలిసిన ఎలక్ట్రీషియనుచేత తీగను చూపింపవలెను. మూడవ ముల్లును విఱిచి రెండు రంధ్రముల సాకెట్టులో దూర్చుట మన యూళ్లలో కలదు. అది పలకకే కాదు, మనుష్యునకును కీడు.

చెమటచేయితోను తడిచేయితోను తాకినను పలక తబ్బిబ్బగును. నీటిబొట్టు దానికి వ్రేలివలెనే కనబడును. పొడిబట్టతో తుడిచిన చాలును. అయితే పలక ఒకవైపు ఎత్తుగా లేచియున్నను, నొక్కినపుడు టక్కుమనకపోయినను, దాని క్రింది బ్యాటరీ ఉబ్బియుండవచ్చును. అట్టి యంత్రమును వెంటనే ఆర్పి, చార్జరు తీసి, బ్యాటరీని మార్పించువఱకు ముట్టకుండుట మేలు. ఉబ్బిన బ్యాటరీని పొడిచినను వంచినను మంటలు లేచును.

ఇవియన్నియు దాటినపిమ్మటను రోగము దొరకనిచో నోటుపుస్తకము తీయవలెను. అరసవల్లినుండి మన పాఠశాలకు వచ్చు బాలిక యొకతె ఇంట జరిగిన సంగతి ఇందులకు తగినది. వారింట నున్నది పాతదిగా కొన్న లాప్‌టాపు. ఆమె యక్క కళాశాల ప్రవేశమునకును, విద్యార్థివేతనమునకును దానిమీదనే దరఖాస్తులు నింపుచుండెను. నాలుగైదు పుటలు నింపి పంపుమను బొత్తాము నొద్దకు వచ్చుసరికి పలక నిలిచిపోవును. ఇంతలో వేళ మించినదని దరఖాస్తు మొదటికి వచ్చును. పట్టణములోని అంగడియందు రెండుమారులు చూపిరి. అచ్చట పలక చక్కగా నడచినది. పలకయు దానిచుట్టుపట్టు భాగమును మార్పవలెనని వారు చెప్పిన వెల, కుట్టుపనిచేయు ఆ తల్లికి మోయరానిది. "దుకాణంలో పెడితే బుద్ధిగా ఉంటాది, ఇంటికొస్తే మొండికేస్తాది మాస్టారూ" అని ఆమె మాతో చెప్పెను. మాకు ఆ మాటలోనే దారి కనబడినది. అంగడికిని ఇంటికిని గల భేద మేమి?

అరసవల్లివారికి ఈ తీరు ఆలోచన క్రొత్త కాదు. అచ్చటి సూర్యదేవాలయమున మార్చి రెండవ వారమునందును, అక్టోబరు మొదటి దినములయందును ఉదయకిరణములు మూలమూర్తి పాదములను తాకును. జూనులో వచ్చినవాడు కిరణము పడదనును. మబ్బుపట్టిన మార్చి ఉదయమున వచ్చినవాడును అదే యనును. మార్చి విషువత్తునకు ముందును, సెప్టెంబరు విషువత్తునకు తరువాతను ఇంచుమించు సమానమైన దినములలో సూర్యుడు ఆకసమున ఒకే యెత్తున నడచును. గుమ్మముల వరుస అప్పుడు ఆ కిరణమునకు ఎదురుపడును. అప్పుడప్పుడు మాత్రమే జరుగు దానికిని నియమము కలదు. దానిని పట్టువఱకు అది యాదృచ్ఛికముగా కనబడును, అంతే.

కావున బాలికను ఒక నోటుపుస్తకములో పలక నిలిచిన ప్రతిమారును తేది, వేళ, చార్జరు తగిలించియున్నదా లేదా, అంతకు ముందు చేసిన పని యేది, ఎంతసేపు నిలిచినది అను నైదును వ్రాయుమంటిమి. పదునెనిమిది దినములలో పదునొకండు మారులు నిలిచినది. చార్జరు ఉన్నప్పుడు ఆఱు, లేనప్పుడు అయిదు. కాబట్టి చార్జరు నిర్దోషి. రెండుమారులు త్వరగా టైపు చేయుచుండగా క్షణకాలము మాత్రమే ఆగినది. అది పైని చెప్పిన లిబ్‌ఇన్‌పుట్ నిద్ర. మిగిలిన తొమ్మిదియు యంత్రపు మూత మూసి, మఱల తెఱచిన పిమ్మట జరిగినవే. అంగడికి తీసికొనిపోవునపుడు వారు యంత్రమును పూర్తిగా ఆర్పి సంచిలో పెట్టుచుండిరి. అచ్చట అది మొదటినుండి మేల్కొనెను. ఇంటిలోనో మూత మూసి నిద్రపుచ్చుట వాడుక. నిద్రనుండి లేచు పలకయే మొరాయించుచున్నదని తేలినది. అనగా భాగములు చెడలేదు.

తరువాతి పని కెర్నలు దినచర్యను చదువుట. లినక్సు తాను చేసిన పనులను, ఎదురైన ఆటంకములను వ్రాసి పెట్టుకొనును. టెర్మినలును తెఱచి సుడో అని వ్రాసి, దాని ప్రక్కన డి, ఎం, ఇ, ఎస్, జి అను అయిదక్షరముల ఆజ్ఞను ఆంగ్లలిపిలో కొట్టినచో ఆ దినచర్య కనబడును. పి.యస్./2 పలకలైనచో సమకాలము తప్పినదను ఫిర్యాదు ఉండును. వార్త మూడు లేక ఆఱు బైట్ల కట్టగా వచ్చుచుండ, ఒక బైటు జాఱినచో తరువాతివన్నియు తారుమాఱగును. ఐ-స్క్వేర్డ్-సి పలకలైనచో వార్త అసంపూర్ణముగా వచ్చినదనియో, కంట్రోలరు గడువులో బదులు పలుకలేదనియో వ్రాసియుండును. అరసవల్లి యంత్రమున రెండవ విధమైన వాక్యములు, మూత తెఱచిన వేళతో సహా, వరుసగా కానవచ్చినవి.

పలకను నడపు డ్రైవరును దింపి మఱల ఎక్కించుట చికిత్సలలో మొదటిది. మోడ్‌ప్రోబ్ అను ఆజ్ఞకు హైఫన్, ఆర్ అను గుర్తును చేర్చి డ్రైవరు పేరు వ్రాసినచో అది దిగును. గుర్తు లేక వ్రాసినచో ఎక్కును. పాత పలకలకు ఆ పేరు పి.యస్.మౌస్. ఐ-స్క్వేర్డ్-సి పలకలలో పెక్కింటికి ఐ2సి, హెచ్.ఐ.డి., ఏ.సి.పి.ఐ. అను మూడు ముక్కలను అండర్‌స్కోరు గుర్తుతో కలిపినది. పాత కెర్నళ్లలో చివరి ముక్క లేదు. ఇట్లు చేయగానే పలక లేచినచో తీగ తెగలేదనుటకు గట్టి సాక్ష్యము. ఆ బాలిక యింట పలక లేచినది. ప్రతిమారును చేతితో వ్రాయనక్కఱ లేకుండ, యంత్రము నిద్రలేచినపుడు సిస్టమ్‌డి తానే నడపు చిన్న చిట్టాలో ఈ రెండు ఆజ్ఞలను వ్రాసి పెట్టితిమి.

ఇట్టి మార్పు ఫలించినదని ఎప్పుడు నమ్మవలెను? ఒకదినము నిలువలేదుగదా యని సంతోషించుట తొందరపాటు. సగటున రెండు దినముల కొకమారు నిలుచు పలక, ఏ మార్పును చేయకున్నను, రెండు దినములు ఊరకుండుటకు నూటికి 37 పాళ్లు అవకాశము కలదు. ఆఱు దినములు ఊరకుండుటకు నూటికి 5 పాళ్లే. అందుచే సగటు వ్యవధికి కనీసము మూడురెట్లు వేచియుండవలెను. మేము ఇరువది దినములు వేచితిమి, నిలువలేదు. వేతనపు దరఖాస్తు గడువునకు రెండు దినములు ముందుగనే చేరినది. ఒక్కసారి రెండు మార్పులు చేయరాదని చెప్పనక్కఱలేదు గాని, ఆత్రముచేత అందఱును చేయునది అదియే. అప్పుడు దేనివలన కుదిరినదో తెలియదు.

డ్రైవరు మార్చినను లేవని పలకకు గంటను పరీక్షింపవచ్చును. ప్రాక్ అను సంచయములోని ఇంటరప్ట్స్ అను పత్రమున ప్రతి గంటయు ఎన్నిమారులు మ్రోగినదో లెక్క యుండును. వ్రేలు రాచుచు ఆ పత్రమును రెండుమారులు చూడుడు. లెక్క పెరుగనిచో చిప్పు నోరు మెదపుటలేదు, లేదా గంటతీగ కెర్నలునకు వినబడుటలేదు. వ్రేలు పెట్టకున్నను వేలకొలది పెరుగుచున్నచో గంట ఆగక మ్రోగుచున్నదన్నమాట. కెర్నలు దానిని అమర్చుటలోనే పొరపాటున్నది. ఇట్టివి క్రొత్త కెర్నలుతో కుదురును, ఒక్కొక్కప్పుడు క్రొత్త కెర్నలుతోనే పుట్టును. యంత్రము లేచునపుడు వచ్చు గ్రబ్ పట్టికలో పాత కెర్నలును ఎంచుకొని చూచుట తేలిక. తయారీదారులు విడుదలచేయు బయాస్ సవరణలవలనను కొన్ని కుదుటపడుచున్నవి. వేఱొక లినక్సును యు.ఎస్.బి. పుల్లమీద వేసి దానినుండి యంత్రమును లేపి చూచినను, అచ్చటను పలక నిలిచినచో అప్పుడు మాత్రమే లోపలి సన్నని పట్టీతీగను అనుమానింపవలెను. అది వదులైనదేమో చూచి మఱల బిగించుట నేర్పరియైన పనివానికి స్వల్పమైన పని. భాగమంతయు మార్చుటకు ముందు దానిని అడుగుట కొనువాని హక్కు.

కెర్నలు దోషమని తేలినచో తాము వాడు లినక్సు సంస్థవారికి వ్రాయవచ్చును. యంత్రపు పేరు, కెర్నలు సంఖ్య, పలక నిలిచిన వేళ దినచర్యలో కనబడిన వాక్యములు, నోటుపుస్తకములోని షరతు, ఇవి చాలును. లిబ్‌ఇన్‌పుట్ రికార్డ్ అను ఆజ్ఞ వ్రేలి కదలికలను ఉన్నవున్నట్లు పత్రముగా వ్రాయును. వారు అడిగినపుడు దానిని జతపఱుప వచ్చును. మీటలను గూడ నమోదుచేసినపుడు సంకేతపదములు బయటపడునేమో యని భయపడనక్కఱలేదు; ప్రత్యేకముగా కోరిననే తప్ప ఏ మీట నొక్కినదియు ఆ పత్రమున తెలియనీయదు.